800 కిలోమీటర్ల ఓపిక

"నీ మేనల్లుడి కారు ఈ జన్మలో ఇంకెక్కను. చెప్పేశాను."

ఓ ఆదివారం రాత్రి పదింటికి మా అక్క ఫోన్లో అన్న మొదటి మాట ఇది. కుశలప్రశ్నలు లేవు, భోజనం చేశావా అన్న పలకరింపూ లేదు. తల్లీకొడుకులిద్దరూ శ్రీశైలం వెళ్లి అప్పుడే ఇల్లు చేరారు. దర్శనం బాగా జరిగిందా అని అడగబోయాను. "ఆ మల్లన్నే కాపాడాడు" అని ఫోన్ కొడుకు చేతికిచ్చేసింది.

జరిగింది ఇదీ. తిరుగు ప్రయాణంలో అడవి దాటి, మన్ననూరు కూడా దాటాక రోడ్డు తిన్నగా ఉంది. ముందు ఓ లారీ. ఎదురుగా ఖాళీ. మావాడు కుడివైపుకి తీసి ఆక్సిలరేటర్ తొక్కాడు. ఇంజిన్ గర్జించింది. ఆర్‌పీఎం ముల్లు 3000 నుంచి ఒక్క ఉదుటున 5000 దాటేసింది. కారు మాత్రం లారీ పక్కనే, అదే వేగంతో పాకుతోంది. ఇంతలో దూరంగా బస్సు లైట్లు కనిపించాయి. తొక్కినకొద్దీ మోత పెరుగుతోందే తప్ప బండి ముందుకెళ్లడం లేదు. చివరికి బ్రేకు తొక్కి మళ్లీ లారీ వెనక్కి వచ్చి చేరాడు. బస్సు హారన్ మోగించుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. కారు నిండా కాలిన వాసన. అక్కడినుంచి హైదరాబాద్ దాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదట.

"ఇంజిన్ పోయినట్టుంది మామయ్యా" అన్నాడు మావాడు నీరసంగా.

ఇంజిన్ పోలేదు. నిజానికి అది ఉండాల్సినదానికన్నా బలంగా ఉంది. వచ్చిన చిక్కల్లా అదే.

మధ్యలో నలిగే పళ్లెం

వాడిది టర్బో పెట్రోల్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్ కారు. సెకండ్ హ్యాండ్‌లో ముచ్చటపడి కొన్నాడు. కొన్న మూడు నెలలకే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్పించాడు. కుర్రాళ్లు దీన్ని రీమ్యాప్ అంటారు. కంపెనీ ఇచ్చిన 250 న్యూటన్ మీటర్ల టార్క్ 330 దాకా పెరిగింది. టార్క్ అంటే ఇంజిన్ తిప్పే బలం అన్నమాట. ఆ బలాన్ని పెంచినవాడు, దాన్ని చక్రాలకి చేరవేసే క్లచ్ సంగతి మర్చిపోయాడు. పాతిక కిలోల మూట మోసేవాడి నెత్తిన ముప్ఫై మూడు కిలోలు పెట్టాడు. మోసినన్నాళ్లు మోసి, ఆ రోజు మన్ననూరు దగ్గర కిందపడేశాడు.

క్లచ్ అంటే చాలామందికి ఎడమకాలి కింద ఉండే పెడలే. అసలు సరుకు లోపల ఉంటుంది. ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. ఇంజిన్ తిరిగినంతసేపూ అదీ తిరుగుతుంది. దానికి ప్రెషర్ ప్లేటు బిగించి ఉంటుంది. ఆ రెండింటి మధ్యలో పళ్లెంలాంటి క్లచ్ ప్లేటు. దీనికి రెండువైపులా గరుకైన పూత ఉంటుంది. ఇది గేర్‌బాక్స్ తాలూకు మనిషి. పెడల్ మీద కాలు లేనప్పుడు ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగు ఈ పళ్లేన్ని ఫ్లైవీల్‌కేసి గట్టిగా అదిమిపెడుతుంది. మూడూ ఒక్కటై తిరుగుతాయి, బండి కదులుతుంది. పెడల్ తొక్కితే ఆ అదుము వదులవుతుంది. ఇంజిన్ దారి ఇంజిన్‌ది, చక్రాల దారి చక్రాలది.

ఎంత బలాన్ని క్లచ్ జారిపోకుండా పట్టుకోగలదనేది నాలుగింటి మీద ఆధారపడుతుంది. పూతకున్న రాపిడి గుణం, స్ప్రింగు అదిమే ఒత్తిడి, పళ్లెం ఎంత పెద్దది, రాసుకునే ముఖాలు ఎన్ని. ఇంజిన్ బలం ఈ నాలుగూ కలిపి ఇచ్చే పట్టుని మించిపోతే పళ్లెం జారుతుంది. జారితే వేడి పుడుతుంది. ఆ వేడికి పట్టు ఇంకా తగ్గుతుంది. అక్క ముక్కుకి తగిలింది ఆ పూత కాలుతున్న వాసనే.

మీ బండిలో ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లూ, స్పీడు ముల్లూ జోడెద్దుల్లా కలిసి లేస్తే క్లచ్ బాగున్నట్టు. మొదటిది పరిగెత్తి రెండోది వెనకబడితే మాత్రం ఓవర్‌టేకుల జోలికి పోకుండా నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

రేసుకి పోతరా, రైతుబజారుకి పోతరా?

బాలానగర్ వైపు నాకు తెలిసిన ఓ ఉస్తాద్ ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుగా గేర్‌బాక్సులు దించుతున్నాడు. మావాడు అప్పటికే ఫోన్లో ఏవేవో చూసి సిరామిక్ క్లచ్ వేయిద్దామని తయారై వచ్చాడు. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ ఒకటే ప్రశ్న వేశాడు.

"సాబ్, మీరు రేసుకి పోతరా, రైతుబజారుకి పోతరా?"

మావాడు నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

సంగతేమిటంటే, పట్టు ఎక్కువున్న క్లచ్‌లు చాలానే దొరుకుతాయి. దేని గుణం దానిది. నారలు, రెసిన్ అనే జిగురు, సన్నటి రాగి తీగెల్లాంటివి కలిపి చేసే ఆర్గానిక్ పూత మెత్తగా పట్టుకుంటుంది. మన ఇళ్లలో ఉండే కార్లలో ఎక్కువగా ఉండేది ఇదే. సిరామిక్ ముక్కలు అతికించినవి విపరీతమైన వేడిని తట్టుకుంటాయి కానీ పట్టుకోవడం టప్పున పట్టుకుంటాయి. ట్రాఫిక్‌లో కదిలినప్పుడల్లా కారు ఎగిరెగిరి పడుతుంది. ఫ్లైవీల్‌ని కూడా తొందరగా అరగదీస్తాయి. కెవ్లార్ పూత ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. 1965లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీలో స్టెఫానీ క్వోలెక్ అనే మహిళా శాస్త్రవేత్త కనిపెట్టిన నార అది. తుపాకీ గుళ్లు ఆపే చొక్కాలు చేసేది దాంతోనే. ఎన్నేళ్లయినా మన్నుతుంది. అయితే కుదురుకోవడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది, ఆ కాలంలో వేడిని అస్సలు ఓర్చుకోదు.

అసలీ పూతల కథే చిత్రంగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కొండల్లో బండివాళ్లు పల్లంలోకి దిగేటప్పుడు చక్రాలకి పాత బూట్లు అడ్డుపెట్టి వేగం తగ్గించుకునేవారట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఇంతకన్నా మంచి పట్టున్న సరుకు చేయలేమా అని 1897లో పని మొదలెట్టారు. బ్రేకుల పేరు చెబితే ఇప్పటికీ వినిపించే ఫెరోడో సంస్థ అలా పుట్టిందే. తర్వాత చాలా దశాబ్దాలపాటు ఈ పూతల్లో ఆస్బెస్టాస్ వాడారు. ఆ ధూళి ఊపిరితిత్తులకి ప్రాణాంతకమని తేలాక ఎన్నో దేశాలు దాన్ని వదిలేశాయి. ఇప్పటికీ పాత బండి క్లచ్ విప్పినప్పుడు ఆ నల్లటి పొడిని గాలిపంపుతో ఊదడం ప్రమాదం. తడిబట్టతో తుడవడమే మంచిది. మా ఉస్తాద్ అలాగే చేశాడు.

చివరికి మావాడు దిగొచ్చాడు. బలమైన స్ప్రింగున్న ప్రెషర్ ప్లేటు, దానికి తగ్గ మెరుగైన ఆర్గానిక్ పళ్లెం ఖాయం చేశాం. పాత ఫ్లైవీల్ విప్పి చూస్తే వేడికి నీలం మచ్చలు తేలాయి. మామూలు ఫ్లైవీల్ అయితే లేత్ మెషిన్ మీద చదును చేయించి వాడుకోవచ్చు. వీడి కారుది లోపల స్ప్రింగులుండే రెండు ముక్కల రకం, దాన్ని అలా చెక్కించకూడదు. కొత్తదే కొనాల్సొచ్చింది. గేర్‌బాక్స్ దించడమే పెద్ద కూలి కాబట్టి రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే మార్చేశాం. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కారుతోందేమో చూశాడు ఉస్తాద్. కొత్త పళ్లేన్ని అంచులతోనే పట్టుకున్నాడు. గ్రీజు చేతులతో ముఖం మీద ముట్టుకుంటే ఆ మరక మేర పట్టు పోతుందట. మొత్తం బిల్లు చూశాక, ఆ డబ్బుతో ఓ మంచి సెకండ్ హ్యాండ్ స్కూటర్ వచ్చేదని మావాడికి తెలిసొచ్చింది.

తాళాలిస్తూ ఉస్తాద్ ఓ షరతు పెట్టాడు. "800 కిలోమీటర్లు సిటీల నడపాలె. మెత్తగ. టర్బో కొట్టొద్దు."

రుబ్బురోలు చెప్పే పాఠం

కొత్త వస్తువుని వెంటనే వాడుకోకూడదంటే ఈ తరం పిల్లలకి వింతగా ఉంటుంది. మనకి కాదు. కొత్త రుబ్బురోలు కొన్నాక మా అమ్మ మొదటిరోజే అందులో పప్పు పోయలేదు. ముందు ఊక వేసి రుబ్బింది. తర్వాత నూకలు. నాలుగైదుసార్లు రుబ్బి పారబోస్తే గానీ రాతిపొడి పోయి, రోలూ పొత్రమూ ఒకదానికొకటి ఒదగలేదు. కొత్త స్కూటర్ కొన్నవాళ్లు మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటకుండా నడిపిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

క్లచ్‌దీ అదే కథ. కొత్త పళ్లెం, కొత్త ఫ్లైవీల్ మన కంటికి చదునుగానే కనిపిస్తాయి. భూతద్దం పెట్టి చూస్తే రెండింటి మీదా గుట్టలూ గుంటలే. మొదట్లో గుట్టల కొసలే ఒకదాన్నొకటి తాకుతాయి. అంటే పళ్లెం ముఖమంతా పనిచేయాల్సిన చోట కొంత భాగమే భారమంతా మోస్తుందన్నమాట. అప్పుడే ఇంజిన్ బలమంతా దాని మీద కుమ్మరిస్తే ఆ కొసలు మాడిపోతాయి. పూతలోని జిగురు కరిగి పైకి తేలి గాజులా గట్టిపడుతుంది. గాజుకి పట్టు ఉండదు కదా. ఇక ఆ క్లచ్ జీవితాంతం జారడమో, వణకడమో చేస్తుంది.

అదే వందలసార్లు, ప్రతిసారీ కొద్దికొద్దిగా, చల్లగా రాసుకుంటే గుట్టలు అరిగి ముఖమంతా ఒదుగుతుంది. కాపురం కుదిరినట్టే. మొదటి పండక్కే కొత్త కోడలి మీద ఇంటి బరువంతా పెట్టరు కదా.

ఎన్ని కిలోమీటర్లు అనేదానికి అందరికీ ఒకటే లెక్క లేదు. ఆర్గానిక్ పూతకి 500 మైళ్లు, అంటే మన లెక్కలో 800 కిలోమీటర్లు అని చాలామంది తయారీదారులు చెబుతారు. కెవ్లార్‌కి అంతకన్నా ఎక్కువ కావాలి. మీ క్లచ్ డబ్బాలో వచ్చిన కాగితం మీద ఏముందో అదే మీకు శాసనం.

ఆ కాలంలో పాటించాల్సినవి పెద్ద బ్రహ్మవిద్యలేం కావు. మొదటి గేరులోనే కదలండి, ఇంజిన్‌ని ఎక్కువ అరిపించకుండా పెడల్ సాఫీగా, ఆలస్యం లేకుండా వదలండి. ఆక్సిలరేటర్ సగానికి మించి తొక్కొద్దు. సిగ్నల్ దగ్గర రేసు వద్దు. ఎత్తు మీద బండిని హాఫ్ క్లచ్‌తో నిలబెట్టొద్దు, హ్యాండ్ బ్రేక్ ఉన్నది అందుకే. ఇంకో బండిని కట్టి లాగొద్దు. పెడల్ మీద కాలు ఊరికే ఆనించొద్దు. తొందరగా కుదురుతుందని కావాలని జారించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మొదటి ఒకట్రెండు రోజులు కొద్దిగా వాసన, కదిలేటప్పుడు చిన్న వణుకు ఉంటే కంగారుపడక్కర్లేదు. వాసన ఘాటుగా వస్తే మాత్రం బండి పక్కకి ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. రోజులు గడిచినా జారుడు, గేరు పడకపోవడం, పెడల్ తొక్కినప్పుడు గరగర శబ్దం ఉంటే బిగింపులో తేడా ఉన్నట్టే. వెంటనే తిరిగి చూపించండి.

అక్క మళ్లీ ఎక్కింది

ఇక్కడే అసలు చిక్కొచ్చింది. మావాడు ఇంటినుంచే పనిచేస్తాడు. ఆఫీసుకి వెళ్లేది వారానికి ఒకరోజు, అదీ మెట్రోలో. సిటీలో 800 కిలోమీటర్లు తిరగడానికి పనేముంది?

అక్కకి ఫోన్ చేశాను. వాడికి ఊళ్లో తిరిగే పనులు కావాలక్కా, నెమ్మదిగా నడపాలట అన్నాను. "ఎంత నెమ్మదిగా?" అంది. నీ ఇష్టమొచ్చినంత అన్నాను. కాసేపు ఆలోచించి, "అరవై దాటితే అక్కడే దిగిపోతాను" అంది.

బావగారు పోయి అప్పటికి రెండేళ్లు. ఆయన ఉన్నన్నాళ్లూ అక్క ఎక్కడికెళ్లినా ఆయన స్కూటర్ వెనకే. ఆయన తర్వాత ఇల్లు కదలడమే మానేసింది. కూరగాయలు ఇంటికే వస్తున్నాయి, మందులు ఇంటికే వస్తున్నాయి, పలకరింపులు ఫోన్లోనే అయిపోతున్నాయి. కొడుకు పక్కగదిలోనే ఉంటాడు, కానీ చెవుల్లో ఎప్పుడూ ఏవో తగిలించుకుని ఉంటాడు.

అలా మొదలైంది. సోమవారం ఎర్రగడ్డ రైతుబజార్. బుధవారం బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్. ఓ రోజు పళ్ల డాక్టర్, ఓ రోజు చీరలకి ఫాల్ కుట్టే ఆవిడ. శనివారం కూకట్‌పల్లి నుంచి అంతదూరం చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి. బావగారితో ప్రతి శనివారం వెళ్లిన గుడి అది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎనిమిదేళ్లుగా చూడని మా పిన్ని ఇంటికి కూడా వెళ్లొచ్చారు. అమీర్‌పేట ట్రాఫిక్‌ని తిట్టుకోకుండా నడిపిన మనిషి హైదరాబాద్ మొత్తం మీద మావాడొక్కడే అయి ఉంటాడు. ఆగడం, కదలడం. ఆగడం, కదలడం. వాడికి కావాల్సిందే అది.

అక్క ముందు సీట్లో కూర్చుని జపం చేసినట్టు వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేది. "ఇవాళ డెబ్భై నాలుగుసార్లు ఆగి కదిలాం రా" అని రాత్రి నాకు ఫోన్ చేసి చెప్పేది. వంటింటి క్యాలెండర్లో పాల లెక్క పక్కన కిలోమీటర్ల లెక్క రాయడం మొదలెట్టింది.

430 దగ్గర పరీక్ష

క్యాలెండర్లో అంకె 430 దాటిన వారం మావాడు నా దగ్గరికొచ్చాడు. స్నేహితులంతా ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీదికి కార్లతో బయల్దేరుతున్నారట.

"ఔటర్ 158 కిలోమీటర్లు మామయ్యా. రెండున్నర రౌండ్లు కొడితే మిగిలినవన్నీ అయిపోతాయి. ఆలస్యం అమృతం విషం అన్నారుగా" అన్నాడు.

లెక్క సరిగ్గానే ఉంది. తర్కమే తప్పు. చాలామంది చేసే పొరపాటు కూడా ఇదే. క్లచ్ కుదురుకునేది కిలోమీటర్లతో కాదు, పట్టూవిడుపులతో. పళ్లెం, ఫ్లైవీల్ ఒకదానికొకటి రాసుకునేది మనం పెడల్ వదులుతున్న ఆ ఒకట్రెండు సెకన్లలోనే. పూర్తిగా పట్టుకున్నాక రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి, రాపిడే ఉండదు. టాప్ గేర్లో ఔటర్ చుట్టూ ఎన్ని రౌండ్లు తిరిగినా క్లచ్ నేర్చుకునేది టోల్ గేటు దగ్గర కదిలినప్పుడు నేర్చుకున్నంతే. అక్క డెబ్భై నాలుగు ముందు అదెంత? పైగా పదిమంది స్నేహితులు పక్కనుంటే ఆ కుడికాలు సగం దగ్గర ఆగుతుందా?

వాడి మొహంలో నమ్మకం కనిపించలేదు. అప్పుడు ఎన్నేళ్లుగానో ఎవరికీ చెప్పని నా సంగతి చెప్పాను.

1996లో విశాఖపట్నంలో ఉండేవాళ్లం. నా మొదటి చిన్న కారుకి కొత్త క్లచ్ వేయించాను. నెమ్మదిగా నడపమని మెకానిక్ చెప్పాడు. మర్నాడే ఊరినుంచి చుట్టాలొచ్చారు. ఆ కారులో ఏడుగురిని ఎక్కించుకుని సింహాచలం కొండెక్కాను. ఘాట్‌లో బళ్లు ఆగిపోయాయి. హ్యాండ్ బ్రేక్ వేయడం నామోషీ అనుకుని హాఫ్ క్లచ్‌తోనే బండిని నిలబెట్టి అందరికీ నా ప్రతాపం చూపించాను. వాసన వస్తే ముందు బండిది అన్నాను. ఆ రోజునుంచి కారు కదిలిన ప్రతిసారీ మలేరియా రోగిలా వణికేది. ఐదు నెలలకి జారడం మొదలెట్టింది. విప్పి చూస్తే పళ్లెం అద్దంలా మెరుస్తోంది. "ఇది అరగనే లేదండీ, కాలిపోయింది" అన్నాడా మెకానిక్. సంవత్సరాల తరబడి రావాల్సిన దాన్ని ఒక్క పూటలో తగలేశాను. క్లచ్ కంపెనీ మంచిది కాదని అప్పట్లో ఇంట్లో చెప్పాను. ఇవాళ మా ఆవిడ ఇది చదివి అసలు నిజం తెలుసుకుంటుంది.

మావాడు నవ్వాడు. ఆ ఆదివారం ఔటర్‌కి వెళ్లలేదు. అక్కని ఉసిరికాయల కోసం మోండా మార్కెట్‌కి తీసుకెళ్లాడు.

మనింటి కారుకీ ఇదే

ఇదంతా టర్బోలు పెట్టుకున్న కుర్రాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. పది లీటర్ల డిక్కీ ఉన్న బుల్లి కారైనా సరే, క్లచ్ మార్పించిన మొదటి నెల ఇదే పద్ధతి. గేరు దానంతటదే మారే ఏఎంటీ కార్లలోనూ ఉండేది ఇలాంటి క్లచ్చే, కాలి బదులు యంత్రం తొక్కుతుంది, అంతే తేడా. క్లచ్ మార్పించిన వారంలోనే తిరుపతి ప్రయాణం, ఊరికి సామాను మోత పెట్టుకోకండి. ప్రయాణం ముందే ఖాయమైతే మరమ్మతు ఓ నెల ముందు చేయించుకోండి.

ఇంజిన్ బలం పెంచుకునే వాళ్లకి ఇంకో మాట. ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకి విరుద్ధంగా బండిలో మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిమ్ రోజున మెడకి చుట్టుకుంటాయి. మావాడికి ఈ చీవాట్లు విడిగా పడ్డాయి.

క్యాలెండర్లో 800 దాటడానికి రెండు నెలలు పైనే పట్టింది. ఉస్తాద్ ఓసారి నడిపి చూసి, "అయిపోయింది సాబ్, ఇక మీ ఇష్టం" అన్నాడు. ఆ తర్వాతి వారం తల్లీకొడుకులు మళ్లీ శ్రీశైలం వెళ్లారు. ఈసారి వెనక సీట్లో నేనూ ఉన్నాను.

తిరిగొస్తుంటే మన్ననూరు దాటాక అదే తిన్నటి రోడ్డు. ముందు ఓ లారీ. మావాడు దూరం చూసుకున్నాడు. ఎదురుగా ఏమీ లేదు. ఇండికేటర్ వేసి కుడివైపుకి తీశాడు. నేను ముల్లుల వంకే చూస్తున్నాను. రెండూ కలిసి లేచాయి. నాలుగు సెకన్లలో లారీ వెనకపడింది. మావాడు మళ్లీ ఎడమకి వచ్చి, పక్కకి తిరిగి చూశాడు. అరవై దాటితే దిగిపోతానన్న అక్క, తల కిటికీకి ఆనించి హాయిగా నిద్రపోతోంది.

మొన్న అక్క ఫోన్ చేసింది. "క్లచ్ కుదిరిందటగా. ఇంక వాడికి నాతో ఏం పనుంటుందిలే" అని నవ్వింది. నవ్వే, కానీ ఎందుకో నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం మావాడికి ఈ మాట చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఉస్తాద్ ఇంకో 500 కిలోమీటర్లు సిటీలోనే నడపమన్నాడని అమ్మకి చెప్పు మామయ్యా" అన్నాడు.

చెప్పాను. అక్క వెంటనే శనివారం గుడికి ఎన్నింటికి బయల్దేరాలో అడిగింది.

అక్క ఈ శీర్షిక ప్రతి ఆదివారం చదువుతుంది. కాబట్టి ఆ అబద్ధం ఇవాళ్టితో బయటపడిపోతుంది. అయినా క్యాలెండర్లో లెక్క రాసింది ఆవిడే, ఆవిడకి తెలియకుండా ఉంటుందా?